ప్రపంచం ముందా, ఎరుక ముందా? మా ఆదివారం బ్యాచ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటండీ ఇది, ఎవరి కోసం?

ఆదివారం పొద్దున్న విశాఖ బీచ్ రోడ్డులో నడక అయ్యాక సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కూర్చునే మా బ్యాచ్ కోసం. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఇంజినీరు గారొకరు, ఫార్మాలో చేసే కుర్రాడొకడు, కాలేజీ మేడం ఒకావిడ, సింహాచలం నుంచి వచ్చే ఆచార్యులు గారు, ఇంకా అప్పుడప్పుడు వచ్చి పోయేవాళ్ళు. వాదన ఎప్పుడూ ఒకటే, ఈ ప్రపంచం ఎక్కడ్నుంచి వచ్చింది, దాన్ని చూస్తున్న ఈ ఎరుక ఎక్కడ్నుంచి వచ్చింది అని. కొత్తగా వచ్చినోళ్ళు ప్రతిసారీ మళ్ళీ ఒకటో ప్రశ్న దగ్గర మొదలెడుతున్నారు, అందుకని అందరూ అడిగేవి ఒకచోట రాసి పెట్టేశా. రెండు వైపులా సమానంగా రాయాలని ఏం అనుకోలేదు, నాకు తేలిపోయినట్టు అనిపించింది తేలిపోయిందనే రాశా, తిట్టుకుంటే తిట్టుకోండి.

ఇవి రెండు ప్రశ్నలా, ఒకటేనా?

రెండు, దయచేసి కలపొద్దు. మొదటిది: ఏమీ లేకుండా ఉండొచ్చు కదా, అసలు ఏదైనా ఎందుకు ఉంది? లైబ్నిజ్ అనే జర్మన్ ఫిలాసఫర్ 1714లో దీన్ని సూటిగా అడిగాడు. రెండోది: సరే ఉంది, ఉన్నదాంట్లో కొన్నిటికి లోపల్నుంచి ఏదో తెలుస్తా ఉంటుంది, కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి అనేది ఒకటి ఉంటుంది, అది ఎక్కడిది? మెటీరియలిస్టు ముందు పదార్థం తర్వాత ఎరుక అంటాడు, అద్వైతి ముందే ఎరుక, ప్రపంచం దానిమీద కనపడేది అంటాడు, సాంఖ్యుడు ఏదీ దేన్నుంచీ రాలేదు రెండూ ఎప్పట్నుంచో ఉన్నాయంటాడు. మా దగ్గర గొడవల్లో సగం ఎలా ఉంటాయంటే ఒకాయన మొదటి ప్రశ్న అడుగుతాడు, ఇంకొకాయన రెండోదానికి సమాధానం చెప్పి గెలిచానంటాడు.

ఇన్ని సిద్ధాంతాల్ని పోల్చేది ఎలాగ?

నేను చూసేది ఒక్కటే. ప్రతి సిద్ధాంతం ఎక్కడో ఒకచోట అప్పు చేస్తుంది, అంటే "ఇదొక్కటి అడక్కుండా ఒప్పేసుకో, మిగతాదంతా నేను చూసుకుంటా" అంటుంది. అప్పు లేని సిద్ధాంతం నాకు ఇంతవరకు తగల్లేదు. కాబట్టి ఎవరైనా వచ్చి మా వాళ్ళది పూర్తి సమాధానం అంటే, అప్పు ఎక్కడ పెట్టాడో వెతకండి, ఎంత పెద్దదో చూడండి, ఆ అప్పుతో ఏం సంపాదించాడో చూడండి. ఈ పేజీ అంతా ఇదే పని చేస్తా.

మొదటి ప్రశ్న బిగ్ బ్యాంగ్‌తో అయిపోలేదా? ఇంకా ఏం వాదన?

అవ్వలేదు. బిగ్ బ్యాంగ్ చెప్పేది ఏంటంటే సుమారు 1380 కోట్ల ఏళ్ళ కిందట విశ్వం విపరీతమైన వేడితో, విపరీతంగా ఒత్తుకుపోయి ఉండేది, అక్కడ్నుంచి సాగుతూ చల్లబడుతూ వచ్చింది అని, దానికి సాక్ష్యం గట్టిగా ఉంది, 1965లో పెంజియాస్, విల్సన్ బయటపెట్టిన మైక్రోవేవ్ రేడియేషన్ ఆకాశం అన్ని వైపుల్నుంచీ వస్తానే ఉంది. కానీ ఆ వేడి స్థితి, ఆ ఫిజిక్స్ రూల్సు ఎందుకున్నాయి అనేది ఆ థియరీ ముట్టుకోదు, ముట్టుకోవాలని అనుకోలేదు కూడా.

2012లో లారెన్స్ క్రాస్ అనే ఫిజిసిస్టు శూన్యం నుంచే విశ్వం వస్తుందని ఒక పుస్తకం రాస్తే డేవిడ్ ఆల్బర్ట్ అనే ఫిలాసఫర్ గట్టిగా పట్టుకున్నాడు, నువ్వు శూన్యం అంటున్నది క్వాంటమ్ ఫీల్డులు ఉన్న వ్యాక్యూమ్, అది కూడా ఉన్నదే కదా నాయనా, ఏమీ లేకపోవడం ఎలా అవుద్ది అని. నాకు ఆల్బర్ట్ మాటే సబబు అనిపిస్తుంది. మా ఇంజినీరు గారు ఒప్పుకోరు, "అడగడానికి అర్థం లేని ప్రశ్న అడిగి సైన్స్ చెప్పలేదంటే ఎలాగ" అంటారు, అదీ ఒక పొజిషనే, దాన్ని తీసిపారేయలేం.

దేవుడు సృష్టించాడు అంటే సరిపోద్ది కదా?

ఏ దేవుడు, దేంతో సృష్టించాడు? ఇది వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా, ఎందుకంటే ఇక్కడ చాలా తేడాలు ఉన్నాయి. క్రైస్తవ, ఇస్లాం సంప్రదాయాల్లో ప్రధానంగా వచ్చే మాట ఏమీ లేని దగ్గర్నుంచి దేవుడు సృష్టించాడని. మన నైయాయికుల (తర్కం మీద నిలబడ్డ న్యాయ దర్శనం వాళ్ళ) ఈశ్వరుడు అలాంటివాడు కాదు, పరమాణువులు ఎప్పట్నుంచో ఉన్నాయి, జీవాత్మలు ఎప్పట్నుంచో ఉన్నాయి, ఆయన వాటిని కర్మ ప్రకారం ఒక అమరికలో పెడతాడు అంతే. వాళ్ళలో పండితుడు ఉదయనుడు, ఈశ్వరుడు ఉన్నాడని పెద్ద పెద్ద వాదాలు పేర్చింది ఈ ఈశ్వరుడి గురించే.

అసలు చాలామందికి తెలియనిది మీమాంసకుల సంగతి. వేదాన్ని వాళ్ళకంటే గట్టిగా పట్టుకున్నవాళ్ళు లేరు, అయినా 7వ శతాబ్దం నాటి కుమారిల భట్టు ఈ ప్రపంచానికి ఒక మొదలూ లేదు, దాన్ని చేసినవాడూ లేడు అని వాదించాడు. ఏ లోటూ లేనివాడికి సృష్టించాల్సిన అవసరం ఏమొచ్చింది, దయతో చేశాడంటే దయ చూపించడానికి అప్పటికి ఎవరున్నారు, పోనీ దయే అయితే ఇంత బాధ ఎందుకుంది అని అడుగుతాడు. వేదం నమ్మేవాళ్ళందరూ సృష్టికర్తని నమ్ముతారు అనుకునేవాళ్ళకి ఇది చెప్తే మొహం మారిపోద్ది. మీమాంసకుల అప్పు ఏంటంటే "ఎప్పుడూ ఇలాగే ఉంది", అంతకు మించి అడగనివ్వరు.

నాసదీయ సూక్తం ఏం చెప్పింది?

ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం, 7 ఋక్కులే. అప్పుడు ఉన్నదీ లేదు, లేనిదీ లేదు అని మొదలవుద్ది, దేవతలు కూడా సృష్టి తర్వాత వచ్చినవాళ్ళే కాబట్టి ఎవరికి తెలుసు అంటుంది, చివర్లో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకీ తెలీదేమో అని వదిలేస్తుంది. దీంట్లో బిగ్ బ్యాంగ్ ఉందని ఫార్వర్డులు పంపేవాళ్ళకి ఒక మనవి, దాంట్లో ఉన్నది ప్రశ్న, ఆ ప్రశ్నని సమాధానంగా మార్చేస్తే ఆ కవికి అన్యాయం.

ఎరుక అంటే దేన్ని అంటున్నారు? ఆత్మా, మనసా, తెలివా?

తెలివి కాదు, లెక్కలు చేయడం కాదు, మాట్లాడటం కాదు. ఎండలో రుషికొండ దగ్గర చెప్పుల్లేకుండా ఇసుకలో నడిస్తే కాలు కాలుతుంది చూడండి, ఆ కాలడం మీకు ఎలా ఉందో అది. థామస్ నాగెల్ 1974లో గబ్బిలాన్ని తీసుకుని ఇదే అడిగాడు, గబ్బిలం శబ్దంతో దారి ఎలా కనుక్కుంటుందో మొత్తం కనిపెట్టేయొచ్చు, కానీ గబ్బిలంగా ఉండటం గబ్బిలానికి ఎలా ఉంటుందో ఆ లెక్కల్లో ఎక్కడుంది అని.

బ్రెయిన్‌కి దెబ్బ తగిలితే మనిషి మారిపోతాడు, మత్తు ఇస్తే ఎరుక పోతుంది. ఇంకేం ప్రూఫ్ కావాలి?

మా ఫార్మా కుర్రాడి ప్రశ్న ఇది, చాలా బలమైన ప్రశ్న. 1846లో బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి అందరి ముందు ఆపరేషన్ చేసి చూపించిన దగ్గర్నుంచి ఎరుకని ఒక కెమికల్‌తో ఆపి మళ్ళీ తెప్పించొచ్చని మనకి రోజూ తెలుస్తానే ఉంది. 1848లో ఫినియాస్ గేజ్ అనే రైల్వే పనివాడి తలలోంచి ఇనప కడ్డీ దూసుకుపోతే బతికాడు గానీ మునుపటి మనిషిలా లేడన్నారు తెలిసినవాళ్ళు. ఎరుక శరీరం మీద ఆధారపడి ఉందనేది ఇక వాదించే విషయం కాదు, ఏ సిద్ధాంతమైనా దాన్ని ఒప్పుకుని తీరాలి.

ఇది కొత్త మాట కూడా కాదు. మన చార్వాకులు ఎప్పుడో అన్నారు, మట్టి నీరు నిప్పు గాలి నాలుగూ ఒక తీరులో కలిస్తే చైతన్యం పుడుతుంది, పులియబెట్టిన వాటిలో విడివిడిగా లేని మత్తు కలిశాక వచ్చినట్టు, శరీరం పోతే అదీ పోతుంది అని. పాపం వాళ్ళ సొంత పుస్తకాలు మనకి దాదాపుగా మిగల్లేదు, వాళ్ళని ఖండించినవాళ్ళు ఎత్తి రాసిన ముక్కల్లోంచే, 14వ శతాబ్దం మాధవాచార్యుడి సర్వదర్శన సంగ్రహం లాంటి వాటిలోంచే ఎక్కువ తెలుస్తుంది, ప్రత్యర్థి చెప్పిన దాంట్లోంచి మన వాదన ఏరుకోవాల్సి రావడం కంటే కష్టం ఇంకోటి లేదు.

మరి అప్పు ఎక్కడ? ఆధారపడటం అనేది ఒకటి, అదే అయ్యుండటం ఇంకొకటి. మత్తు కలిశాక వచ్చింది అన్నారు బానే ఉంది, మత్తు ఎలా పనిచేస్తుందో కెమిస్ట్రీ చెప్తుంది, బయట్నుంచి చూసి మొత్తం చెప్పేయొచ్చు. నొప్పి దగ్గరకొచ్చేసరికి ఏ నరం ఎప్పుడు కదిలిందో అంతా చెప్పాక కూడా అది లోపల నొప్పిగా ఎందుకు ఉందో మిగిలిపోతుంది. లైబ్నిజ్ దీనికే ఒక మిల్లు ఊహించమన్నాడు, ఆలోచించే యంత్రాన్ని మిల్లంత పెద్దది చేసి లోపలికి వెళ్ళి తిరగండి, ఒకదాన్నొకటి తోసుకునే భాగాలు కనపడతాయి గానీ ఆలోచన ఎక్కడా కనపడదు. 1990ల మధ్యలో డేవిడ్ చామర్స్ అనే ఫిలాసఫర్ దీనికి హార్డ్ ప్రాబ్లం అని పేరు పెట్టాక మళ్ళీ అందరూ దీనిమీద పడ్డారు.

పందెం కథ కూడా చెప్పాలి. 1998లో క్రిస్టాఫ్ కాక్ అనే న్యూరోసైంటిస్టు, ఇంకో 25 ఏళ్ళలో ఎరుకకి బ్రెయిన్‌లో స్పష్టమైన గుర్తు దొరికేస్తుందని చామర్స్‌తో పందెం కట్టాడు, 2023లో న్యూయార్క్‌లో అందరి ముందు ఓడిపోయానని ఒప్పుకుని వైన్ బాటిళ్ళ కేసు ఇచ్చేశాడు. ఇది చూసి ఆత్మ ప్రూవ్ అయిపోయింది అనకండి. ఆ పందెం ఏ నరాలు అన్న దానిమీదే, ఎందుకు అన్న దానిమీద కాదు, పైగా ఇంతవరకు దొరకలేదంటే ఎప్పటికీ దొరకదని కాదు.

కొంతమంది, డానియల్ డెన్నెట్ లాంటివాళ్ళు, అసలు అలాంటి చెప్పలేని లోపలి మెరుపు ఏదీ లేదు, ఉన్నట్టు బ్రెయిన్ మనకి చెప్పుకుంటుంది అంతే అన్నారు. అప్పు తీర్చడానికి అప్పే లేదనడం నాకు మింగుడు పడదు. పన్ను నొప్పితో ఉన్నవాడి దగ్గరకెళ్ళి ఆ మాట అనండి చూద్దాం.

అయితే శరీరం వేరు, ఎరుక వేరు. అంతే కదా?

అంతే అనుకున్న పెద్దమనిషి డెకార్ట్, 17వ శతాబ్దం ఫ్రెంచ్ ఫిలాసఫర్. చోటు పట్టే పదార్థం ఒకటి, చోటు పట్టకుండా ఆలోచించేది ఇంకొకటి అన్నాడు. 1643లో బొహీమియా యువరాణి ఎలిజబెత్ ఆయనకి ఉత్తరం రాసింది, చోటే పట్టనిది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది, తోయాలంటే తాకాలి కదా అని. ఆయన తిప్పి తిప్పి చెప్పాడు గానీ ఆమెకి సమాధానం రాలేదు, నన్నడిగితే ఇప్పటిదాకా రాలేదు.

సాంఖ్యం కూడా రెండు అంటుంది, కానీ గీత ఇంకో దగ్గర గీస్తుంది, ఈ తేడా పట్టుకుంటే సగం ఫిలాసఫీ అర్థమైనట్టే. డెకార్ట్ ఆలోచనని ఆత్మ వైపు పెట్టాడు. సాంఖ్యానికి ముఖ్యమైన పుస్తకం, ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో బుద్ధి, అహంకారం, మనస్సు అన్నీ ప్రకృతి వైపే, అంటే పదార్థం వైపే. 25 తత్త్వాల్లో 24 అటే, ఇటు పురుషుడు ఒక్కడు, ఆయన ఆలోచించడు, గుర్తుపెట్టుకోడు, నిర్ణయించడు, ఊరికే సాక్షిగా ఉంటాడు. (పురుషుడు ఒక్కడు అన్నది తత్త్వంగానే, పురుషులు చాలామంది ఉన్నారని కారికే చెప్తుంది, కలిపేయకండి.) అందుకే తలకి దెబ్బ తగిలి జ్ఞాపకం పోతే డెకార్ట్ ఇబ్బంది పడాలి గానీ సాంఖ్యుడు పడక్కర్లేదు, జ్ఞాపకం ఎలాగూ ప్రకృతి పనే కదా అంటాడు.

మరి సాంఖ్యుడి అప్పు? ఏ పనీ చేయని పురుషుడికీ, ఏమీ తెలియని ప్రకృతికీ సంబంధం ఎలా కుదిరింది. కారిక కుంటివాడు గుడ్డివాడి భుజమెక్కిన పోలిక చెప్తుంది. శంకరుల దగ్గర్నుంచి అందరూ దానిమీద దెబ్బ కొట్టారు, కుంటివాడు కనీసం దారి చెప్తాడు, మీ పురుషుడు నోరే విప్పడు కదా అని. దెబ్బ సరైన చోటే తగిలింది.

శంకరులు చెప్పిందీ, బర్క్లీ లాంటి పాశ్చాత్య ఐడియలిస్టులు చెప్పిందీ ఒకటే కదా, ప్రపంచం అంతా మన మనసులోనేనని?

ఇది ఎక్కువగా వినపడే పొరపాటు. 1710లో బర్క్లీ చెప్పింది, ఉండటం అంటే ఎవరికో ఒకరికి తెలియడమే, ఎవరూ చూడనప్పుడు దేవుడు చూస్తుంటాడు అని. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో బయట వస్తువులే లేవు అంతా విజ్ఞానమే (అంటే ఎరుకే) అన్న బౌద్ధుల్ని పట్టుకుని ఖండించారు, స్తంభాన్ని చూస్తున్నవాడు స్తంభాన్నే చూస్తున్నాడు, తన జ్ఞానాన్ని చూసుకోవట్లేదు అన్నారు. ఆయన లెక్కలో కలలో పాము, ఎదురుగా ఉన్న పాము రెండూ ఒక స్థాయివి కావు. తర్వాతి అద్వైతులు దీన్ని ప్రాతిభాసికం (కలలోలా ఊరికే కనపడేది), వ్యావహారికం (రోజువారీ నిజం), పారమార్థికం (అసలు నిజం) అని మూడు మెట్లుగా చెప్పారు. బీచ్ రోడ్డులో బస్సు వస్తుంటే అద్వైతి కూడా పక్కకి జరుగుతాడు, మాయే కదా అని నిలబడమని ఎవరూ చెప్పలేదు. మన ఆంధ్ర యూనివర్సిటీకి 1931 నుంచి 36 దాకా వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా దీనికోసమే చాలా రాశారు, మాయ అంటే ప్రపంచం ఒట్టి భ్రమ అని కాదు, అది తనంతట తాను నిలబడేది కాదని మాత్రమే అని.

అద్వైతం సంపాదించింది ఎక్కువే. ఎరుక పదార్థంలోంచి ఎలా వచ్చింది అన్న ప్రశ్నే ఉండదు, ఎందుకంటే అది రాలేదు, ఉంది. మాండూక్య ఉపనిషత్తు మెలకువ, కల, గాఢనిద్ర మూడిటినీ దాటి నాలుగోది చూపిస్తుంది, గాఢనిద్ర నుంచి లేచి "హాయిగా పడుకున్నా, ఏమీ తెలీలేదు" అంటాం కదా, ఆ ఏమీ తెలియకపోవడం కూడా ఎవరికో తెలిసింది అంటారు. (ఫార్మా కుర్రాడు: "అది లేచాక వేసుకున్న లెక్క సార్, అప్పుడు తెలిసింది కాదు." ఈ పాయింటు మీద నైయాయికులు కూడా అతని వైపే.)

అప్పు మాత్రం అవిద్య దగ్గర. ఉన్నది బ్రహ్మం ఒక్కటే అయితే ఈ అజ్ఞానం ఎవరిది? బ్రహ్మానిది అంటే జ్ఞానస్వరూపానికి అజ్ఞానం ఏంటి, జీవుడిది అంటే జీవుడు పుట్టిందే అవిద్య వల్ల కదా. రామానుజులు శ్రీభాష్యంలో ఇలాంటివి ఏడు అభ్యంతరాలు వరసగా పెట్టారు, సప్తవిధ అనుపపత్తి అంటారు. అద్వైతులు ఉన్నదనీ లేదనీ చెప్పలేనిది, అనిర్వచనీయం అని సమాధానం ఇచ్చారు. నాకైతే అది అప్పు పత్రం మీద సంతకం పెట్టినట్టే.

రామానుజులు, మధ్వులు మరి ఏం చెప్పారు? మన దగ్గర గుళ్ళన్నీ వాళ్ళవే కదా.

అన్నీ కాదు గానీ ఈ వైపు వాళ్ళ ముద్ర గట్టిది. సింహాచలంలో శ్రీవైష్ణవ సంప్రదాయం, రామానుజులు స్వయంగా వచ్చారని ఇక్కడ చెప్పుకుంటారు. ఇటు శ్రీకూర్మంలోనూ సింహాచలంలోనూ మధ్వుల శిష్యుడు నరహరితీర్థుల పేరుతో 13వ శతాబ్దం శాసనాలు ఉన్నాయి. అంటే ఈ వాదనలు కాశీలోనో కంచిలోనో జరిగిపోయినవి కావు, మన కొండ మీదకి కూడా వచ్చాయి.

రామానుజుల లెక్కలో ప్రపంచం నిజం, జీవులు నిజం, రెండూ బ్రహ్మానికి శరీరం. ప్రళయంలో సూక్ష్మంగా, సృష్టిలో స్థూలంగా ఉంటాయి గానీ కొత్తగా ఏమీ పుట్టదు. అవిద్య అప్పు పోయింది, దాని బదులు శరీరంలో మార్పులు శరీరికి (ఆ శరీరం ఎవరిదో ఆ బ్రహ్మానికి) అంటకుండా ఎలా ఉంటాయి అన్న చిక్కు వచ్చింది. మధ్వులు ఇంకా సూటి మనిషి, ఈశ్వరుడికీ జీవుడికీ, ఈశ్వరుడికీ జడానికీ, జీవుడికీ జీవుడికీ, జీవుడికీ జడానికీ, జడానికీ జడానికీ, ఐదు భేదాలూ నిజమే, ఎప్పటికీ పోవు అన్నారు. మామూలు మనిషి అనుభవానికి ఇదే అందరికంటే దగ్గర. కానీ వివరణ అంటే చాలావాటిని కొన్నిట్లోకి తేవడం అనుకుంటే ఇక్కడ తగ్గింది ఏమీ లేదు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఒప్పుకోమన్నారు.

తొట్లకొండ మీద ఉన్నవాళ్ళు ఏమనేవారో?

భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ, అటు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, మన చుట్టూ ఇన్ని బౌద్ధ విహారాలుండి మనం బౌద్ధాన్ని పరాయి మతంలా చూడటం విచిత్రం. తొట్లకొండ నేవీ వాళ్ళ సర్వేలో బయటపడింది, సుమారు రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ భిక్షువులు సముద్రం చూస్తూ వర్షాకాలం గడిపేవారు.

బుద్ధుడు మొదటి ప్రశ్నకి సమాధానం చెప్పనన్నాడు. మాలుంక్యపుత్తుడు అనే భిక్షువు ప్రపంచం నిత్యమా కాదా, దేహం జీవం ఒకటా వేరా, ఇవి చెప్తేనే ఉంటా లేదంటే వెళ్ళిపోతా అన్నాడు. బాణం దిగినవాడు కొట్టినవాడి కులం, ఊరు, రంగు తెలిస్తేగానీ పీకనివ్వనంటే ఆలోపు చచ్చిపోతాడు అని బుద్ధుడి జవాబు. రెండో ప్రశ్నకి మాత్రం ఏదో చెప్పాడు, విజ్ఞానం కూడా కారణాల వల్ల పుట్టి పోయేదే, కంటికి ఒకటి చెవికి ఒకటి, వెనకాల కూర్చున్న శాశ్వతమైన ఆత్మ ఏదీ లేదు.

తర్వాత నాగార్జునుడు ఇంకా ముందుకెళ్ళాడు. మధ్యమక కారికల మొదటి శ్లోకంలోనే, ఏదీ తనలోంచి పుట్టదు, ఇంకోదాన్లోంచి పుట్టదు, రెండిటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అనేశాడు. తనలోంచి అంటే సాంఖ్యుడు, ఇంకోదాన్లోంచి అంటే నైయాయికుడు, ఒక్క శ్లోకంలో అందరూ అయిపోయారు. పుట్టుక గురించి అడగడమే తప్పు పట్టు అంటాడు. నాకు ఇది చదివినప్పుడల్లా సరదాగానూ చిరాగ్గానూ ఉంటుంది, ఎందుకంటే ఆయన్ని అప్పు అడగబోతే నా దగ్గర ప్రతిజ్ఞే (నిలబెట్టాల్సిన వాదమే) లేదు, అప్పెక్కడిది అంటాడు. బౌద్ధంలో అప్పు వెతకాలంటే కర్మ దగ్గర వెతకాలి, చేసినవాడు నిలవకపోతే ఫలితం ఎవరికి పోతుంది. దీనికోసమే యోగాచారులు అనే బౌద్ధ శాఖ వాళ్ళు, చేసిన కర్మల ముద్రలు దాచుకునే ఆలయవిజ్ఞానం అని ఒకటి తెచ్చారు, దాన్ని చూసి మిగతావాళ్ళు దొడ్డిదారిన ఆత్మని తెచ్చారుగా అన్నారు.

రాయికి కూడా ఎరుక ఉందంటున్నారంట ఈ మధ్య?

పాన్‌సైకిజం. వినడానికి కామెడీగా ఉంటుంది గానీ లోపల వాదన బలమైంది. 1927లో బెర్ట్రాండ్ రసెల్ ఒకటి గమనించాడు, ఫిజిక్స్ ఒక వస్తువు ఏం చేస్తుందో చెప్తుంది, ఎలక్ట్రాన్‌కి ఇంత బరువు ఇంత చార్జి, అంటే ఇలా తోస్తుంది అలా లాగుతుంది, కానీ ఆ తోసేది లోపల ఏంటో చెప్పదు, చెప్పలేదు. పదార్థాన్ని లోపల్నుంచి మనకి తెలిసిన ఒకే ఒక్క చోటు మన బ్రెయిన్, అక్కడ ఉన్నది ఎరుక. అయితే మిగతాచోట్ల కూడా అలాంటిదే ఏదో చాలా తక్కువ స్థాయిలో ఉందేమో అని. డాల్ఫిన్స్ నోస్ కొండకి బాధలు ఉన్నాయని ఎవరూ అనట్లేదు.

దీని అప్పుని విలియం జేమ్స్ 1890లోనే పట్టుకున్నాడు. పన్నెండు పదాల వాక్యం తీసుకుని పన్నెండుమందికి తలో పదం చెప్పండి, వరసలో నిలబెట్టండి, గుంపుగా నిలబెట్టండి, ఎవరి పదం వాళ్ళు ఎంత తలచుకున్నా మొత్తం వాక్యం ఎవరికీ తెలియదు. మరి కోట్ల చిన్న చిన్న ఎరుకలు కలిసి ఈ ఒక్క నేను ఎలా అయింది? దీనికి సరైన సమాధానం రాలేదు. టొనోనీ అనే న్యూరోసైంటిస్టు 2004లో ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ థియరీ అని, కలిసే తీరుకి లెక్క కట్టొచ్చని ఒకటి తెచ్చాడు, 2023లో వందమందికి పైగా పండితులు అది సైన్సే కాదని బహిరంగ లేఖ రాశారు, గొడవ ఇంకా నడుస్తానే ఉంది.

క్వాంటమ్ ఫిజిక్స్ వేదాంతాన్ని ప్రూవ్ చేసేసింది కదా? చూసేవాడు లేకపోతే పార్టికల్ లేదంట కదా?

లేదండి. అక్కడ చూడటం అంటే కొలవడం, మనిషి లేని గదిలో డిటెక్టర్ పెట్టినా ఇంటర్‌ఫియరెన్స్ పోతుంది. విగ్నర్ అనే నోబెల్ ఫిజిసిస్టు 1961లో ఎరుక వల్లే కొలత పూర్తవుతుందన్నాడు, తర్వాత తనే ఆ మాట వదిలేసుకున్నాడు. క్వాంటమ్ ఫిజిక్స్ ముఖ్యమైన ఈక్వేషన్ రాసిన ష్రోడింగర్‌కి ఉపనిషత్తులంటే ఇష్టం, నిజమే, ఆ ఇష్టం వేరు, ఆ ఈక్వేషన్ వేరు. ఈ ఫార్వర్డు మా గ్రూపులో మళ్ళీ పెట్టొద్దు.

మనమంతా కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ఉన్నామేమో?

ఉంటే ఆ కంప్యూటర్ ఎక్కడ్నుంచి వచ్చింది? 2003లో బోస్ట్రమ్ రాసిన వాదన మనం దాంట్లో ఉండే అవకాశం గురించి, మన రెండు ప్రశ్నల్లో ఒక్కదానికీ సమాధానం కాదు, రెండిటినీ ఒక అంతస్తు పైకి జరుపుతుంది.

ఈ వాదనలన్నీ ఎందుకు, ధ్యానంలో కూర్చుంటే నేరుగా తెలిసిపోద్ది కదా?

అనుభవం వస్తుంది, కాదనను. కానీ ఒక సంగతి చూడండి. యోగులు సమాధిలోకి వెళ్ళి వచ్చి పురుషుడు ప్రకృతి నుంచి విడిపోయాడు అన్నారు, అద్వైతులు వెళ్ళి వచ్చి రెండోది లేనే లేదు అన్నారు, బౌద్ధులు వెళ్ళి వచ్చి వెతికినా ఆత్మ ఎక్కడా దొరకలేదు అన్నారు. అందరూ ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళే, అబద్ధాలాడేవాళ్ళు కాదు. అనుభవం తనంతట తాను ఏ సిద్ధాంతం వైపూ సంతకం పెట్టట్లేదన్నమాట. మేడంగారు దీనికి ఒప్పుకోరు, అసలైన అనుభవం వస్తే సందేహమే ఉండదంటారు. సందేహం లేకపోవడం ముగ్గురికీ ఉంది కదండీ మరి.

సరే, నువ్వు దేని వైపు? తప్పించుకోకు.

మొదటి ప్రశ్నలో కుమారిలుడి పక్కన కూర్చుంటా, ఒక మొదలు ఉండి తీరాలి అనే అవసరం నాకు కనపడదు. రెండోదాంట్లో రసెల్ మాట నన్ను వదలట్లేదు. బ్రెయిన్ మీద సాక్ష్యం చూశాక ఎరుక శరీరాన్ని వదిలేసి తిరుగుతుందని అనలేను, నొప్పి ఉందని తెలిశాక అది లేదనీ అనలేను, ఈ రెండూ పట్టుకుంటే మిగిలేది పదార్థం గురించి మనకున్న ఐడియానే సగం అని ఒప్పుకోవడం. జేమ్స్ పన్నెండుమంది మనుషుల లెక్క నా నెత్తిన అలాగే ఉంది, దాన్ని దాచను. ఆచార్యులు గారు ఇదంతా విని "అది మా శరీర శరీరి భావమేనయ్యా, ప్యాంటు షర్టు వేసుకొచ్చింది" అన్నారు. పూర్తిగా కాదు గానీ ఆ మాటలో కొంత ఉంది, నా దాంట్లో శరీరం ఉంది, శరీరి లేడు, తేడా అక్కడే.

ఏఐకి ఎరుక ఉందా?

సాంఖ్యం ప్రకారం అది బుద్ధిలో ఒక భాగం చేసే పని బాగా చేస్తుంది, బుద్ధి ఎలాగూ జడమే, ఆశ్చర్యం ఏమీ లేదు. మెటీరియలిస్టుల్లో పని ఒకటైతే చాలు అనేవాళ్ళు రావొచ్చంటారు, జీవం ఉన్న శరీరం కావాలి అనేవాళ్ళు రాదంటారు. టొనోనీ థియరీ ప్రకారం ఇప్పటి మామూలు చిప్పుల మీద ఎంత తెలివైన ప్రోగ్రామ్ నడిచినా ఎరుక రాదు. తెలివి వేరు ఎరుక వేరు అని పైన ఎందుకు అంతలా చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చచ్చిపోయాక మనం ఉంటామని ఏ సిద్ధాంతం చెప్తుంది?

జాగ్రత్తగా చదవాలి దీన్ని. ఎరుక నిత్యం అన్న ప్రతిచోటా మీరు ఉంటారని కాదు. సాంఖ్య పురుషుడికి జ్ఞాపకాలు లేవు, అవి ప్రకృతి వైపు పోతాయి, మోక్షం అంటేనే వాటి నుంచి విడిపోవడం. అద్వైతంలో మిగిలేది బ్రహ్మం, ఫలానా వీధిలో ఉండే ఫలానా ఆయన కాదు. బౌద్ధంలో ఆ ఆయన ఇప్పుడు కూడా లేడు. మనవాళ్ళని మళ్ళీ మనవాళ్ళుగా చూడాలనుకునేవాళ్ళకి కాస్త దగ్గరగా వచ్చేవి రామానుజ, మధ్వ సిద్ధాంతాలు, ముక్తిలో కూడా జీవుడు జీవుడిగానే ఉంటాడు. ఆత్మ నిత్యం అని వినగానే ఊరట పడేవాళ్ళలో చాలామంది నిజంగా కోరుకునేది ఇదే, చదివింది మాత్రం అద్వైతం.

మొదలుపెట్టాలంటే ఏది చదవాలి?

సాంఖ్యకారిక. 70 పైచిలుకు శ్లోకాలే, తెలుగు తాత్పర్యంతో దొరుకుతుంది, మిగతా అందరూ ఒప్పుకున్నా కొట్లాడినా దాంతోనే కొట్లాడారు కాబట్టి అది తెలిస్తే శంకరులు ఎవరి మీద కోప్పడుతున్నారో తెలుస్తుంది. 21వ శ్లోకం దగ్గర ఆగి వాదించుకోండి, అదే కుంటివాడు గుడ్డివాడు శ్లోకం.